మా మెటడారు – మంచినీళ్ళు

విద్యార్థి సంఘం వారు సంచికకు ఏదైనా వ్రాసి పంపమని అడిగినప్పుడు, హాస్టల్ మెస్సు గురించో, మాకు పాఠాలు చెప్పిన గురువుల గురించో నాలుగు పేజీలు వస్తాయని అనుకొని ఉంటారు. మెస్సు సాంబారు మీద నాకంటే బాగా వ్రాసేవాళ్ళకు ఏ సంవత్సరమూ కరువు లేదు. అందుచేత నేను ఒక రేడియేటరు గురించి వ్రాస్తున్నాను. నవ్వకండి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో నాకు వచ్చిన మార్కులు ఇప్పుడు సరిగా గుర్తు లేవు గానీ, 1993 మే నెలలో మా వ్యాను రేడియేటరు తల కోసి చూసినప్పుడు లోపల కనిపించింది మాత్రం ఇవాళ్టికీ కళ్ళకు కట్టినట్లే ఉంది.

మాది నెల్లూరుకు తూర్పున, ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో సముద్రపు గాలి తగిలే పల్లె. మా నాయనకు ఒక మెటడారు ఉండేది. ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ఉండరు. పూనాలో బజాజ్ టెంపో కంపెనీ చేసిన డీజిలు వ్యాను అది. 2005లో ఆ కంపెనీ పేరే ఫోర్స్ మోటార్స్‌గా మారిపోయింది. మా జిల్లాలో ఎంత వాడుకంటే, ఏ కంపెనీ వ్యానయినా సరే, ముందు మెటడారు అని పిలిచి తర్వాత దాని పేరు అడిగేవాళ్ళు. ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే, ఒక రేకు డబ్బా కింద ఉంటుంది. మే నెలలో ఆ డబ్బాకు ఆనుకొని కూర్చుంటే ఒక కాలు వేగిపోయేది.

మేము కొన్ననాటికే దానికి పదేళ్ళు. తెల్లవారుజామున మైపాడు నించి ఐసు కొట్టిన చేపల పెట్టెలు నెల్లూరు మార్కెట్టుకు వేసుకుపోవడం, పగలు పెళ్ళిళ్ళకో ఆసుపత్రికో బాడుగకు పోవడం – ఇదీ దాని జీవితం. పెళ్ళివాళ్ళ బాడుగ వచ్చిన రోజు నాలుగు బిందెలు పోసి కడిగి ఊదొత్తులు వెలిగించేవాళ్ళం. అయినా పెళ్ళికూతురు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొనే దిగేది.

దాన్ని నడిపే ఆయన్ను ఊరంతా మామ అనే పిలిచేది. నేనూ అంతే. ఆయన నన్ను అల్లుడా అనేవాడు. చదువు రెండో తరగతి. లారీల మీద క్లీనరుగా మొదలుపెట్టి మద్రాసు నించి బెజవాడ దాకా తిరిగిన మనిషి. ఆయనకు ఒక అలవాటు ఉండేది. తెల్లవారి మూడు గంటలకు వ్యాను తీయవలసి ఉంటే, ముందు రోజు సాయంత్రమే ఐదు లీటర్ల నూనె డబ్బా పట్టుకొని ఇసక దిబ్బల్లో ఉన్న దొరువు దాకా నడిచిపోయి, ఆ నీళ్ళు పంచె కొంగుతో వడగట్టి తెచ్చి రేడియేటరులో పోసేవాడు. పోనూ రానూ అరగంట.

దొరువు అంటే తెలియనివారికి కొంచెం చెప్పాలి. మా వైపు సముద్రం ఒడ్డున దిబ్బల ఇసకలో కురిసిన వాన నేరుగా లోపలికి ఇంకిపోతుంది. ఆ మంచినీరు తేలిక, కింద ఉన్న ఉప్పునీరు బరువు. అందుచేత మంచినీరు ఉప్పునీటి మీద పాలమీద మీగడలాగా నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే దాని కింద ఉప్పు తగలడానికి దరిదాపు 40 అడుగులు పడుతుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరి పేర్ల మీద ఆ సూత్రం పుస్తకాల్లో ఉంది. మా ఆడవాళ్ళకు ఆ పేర్లు తెలియవు. లోతుగా తవ్వకూడదని మాత్రం తెలుసు. మోకాటి లోతు, మహా అయితే నడుము లోతు గుంట తీసి, ఊరిన నీటిని టెంకాయ చిప్పతో పైపైన తోడుకొంటారు. అదే దొరువు. ఆశపడి లోతుకు పోయినా, మోటారు పెట్టి లాగినా, కింది ఉప్పు పైకి ఎక్కివస్తుంది. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో, వరసలో ఎన్ని బిందెలు ఉంటాయో మీరే ఊహించుకోండి. ఆ వరసలో ఒక డ్రైవరు వ్యానుకోసమని డబ్బా పెడితే ఆడవాళ్ళు ఊరుకుంటారా? అందుకని మామ ఒక ఒప్పందం చేసుకొన్నాడు. ముసలివాళ్ళెవరైనా ఉంటే ముందు వాళ్ళ బిందె తాను తోడిపెట్టడం, తర్వాత తన డబ్బా నింపుకోవడం.

1992 సంక్రాంతికి నేను ఇంటికి వచ్చాను. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. తల నిండా సూత్రాలు. అప్పటికి మా తీరంలో రొయ్యల చెరువుల జోరు మొదలైంది. వరి కయ్యలు రాత్రికి రాత్రి చెరువులవుతున్నాయి. బోర్లు వేసే బండి ఊరు విడిచి పోవడం లేదు. మా నాయన కూడా వ్యాను నిలిపే కొట్టం పక్కన ఒక బోరు వేయించాడు. నీళ్ళు బ్రహ్మాండంగా పడ్డాయి, కానీ నోట పెట్టలేము. కడుక్కోవడానికి పనికివస్తాయి, అంతే. ఆ సాయంత్రం మామ డబ్బా పట్టుకొని దొరువుకు బయలుదేరుతుంటే నేను అరుగుమీద కూర్చొని అన్న మాట ఇది:

“ఎందుకు మామా అంత దూరం? నీళ్ళు నీళ్ళే గదా! ఉప్పో తీపో తెలియడానికి ఇంజనుకు నాలికుందా?”

అరుగుమీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాయన కూడా నవ్వి, “వాడు చెప్పింది నిజమే. అరగంట మిగులుతుంది. రేపట్నించి బోరు నీళ్ళే పొయ్యి” అన్నాడు. మామ మాట్లాడలేదు. డబ్బా కొట్టంలో చూరుకు తగిలించాడు. చదువుకున్నవాడు చెబుతున్నాడు, యజమాని ఒప్పుకొన్నాడు, ఆయన ఇంకేం మాట్లాడతాడు?

పదహారు నెలలు గడిచాయి.

1993 మే నెల మధ్యలో ఒకరోజు సముద్రంలో పాలసుర్రు తెగ పడింది. వ్యాను నిండా పెట్టెలు. నెల్లూరులో పని ఉండి నేను కూడా ముందు సీట్లో కూర్చున్నాను. బయలుదేరేటప్పటికే ఆలస్యం, ఎండ ఎక్కింది. ఇందుకూరుపేట ఇంకా రాకముందే టెంపరేచరు ముల్లు ఎర్ర గీత మీదకు పోయింది. మామ వేగం తగ్గించాడు. ముల్లు కొంచెం దిగింది. మళ్ళీ వేగం పెంచితే మళ్ళీ ఎక్కింది. మూడోసారికి ముందు నించి ఆవిరి గుప్పుమని అద్దానికి కొట్టింది. నేను గబుక్కున దిగి మూత తీయబోతే మామ నా చెయ్యి లాగి పట్టుకొన్నాడు. “ముఖం కాల్చుకుంటావా! ఆరనీ” అని అరిచాడు. నా జీవితంలో ఆయన నామీద అరిచింది ఆ ఒక్కసారే.

ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు. మూత గట్టిగా ఉండి, లోపల బయటికంటే ఇంకో 0.9 వాతావరణపు ఒత్తిడి నిలిస్తే 118 డిగ్రీల దాకా నీరుగానే ఉంటుంది. మూత తీసిన మరుక్షణం అందులో కొంత ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడుతుంది. ఇది నేను థర్మోడైనమిక్సులో చదివిన సంగతే. చదివినవాడి చెయ్యే మూతమీదకు పోయింది సుమా.

చింతచెట్టు కింద గంటసేపు నిలబడ్డాం. పెట్టెల కింద నించి ఐసు నీళ్ళు కారి రోడ్డు దాటి కాలువలోకి పోతున్నాయి. ఆ నీళ్ళ ధార ఎంత సన్నబడితే లోపల అంత ఐసు మిగిలిందని లెక్క. చివరికి ఒక ట్రాక్టరు వాణ్ణి బతిమాలి పెట్టెలు ఎక్కించి పంపాం. మార్కెట్టులో సగం ధర కూడా రాలేదు. కడుపు మెత్తబడిన చేప సంగతి బేరగాళ్ళకు వేలు పెట్టి చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి నాయన కొట్టం ముందు నిలబడి మామను నానా మాటలూ అన్నాడు. “నీళ్ళు చూసుకోకుండా బండి తీశావు. తాగి పడుకున్నావా?” అన్నాడు. మామ తాగడు. ఆ సంగతి నాయనకూ తెలుసు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. అప్పటికి రేడియేటరులో ఏముందో నాకూ తెలియదు గాబట్టి, నాదే తప్పని తెలిసి దాచానని కాదు. కానీ తాగలేదని, పొద్దున నీళ్ళు పోయడం నా కళ్ళతో చూశానని చెప్పవచ్చు గదా. చెప్పలేదు.

మరునాడు నెల్లూరులో ఒక మెకానిక్కును పిలిపించాం. ఆయన మూత ఎత్తి, రెండు నిమిషాలు చూసి, “హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్డు దించాల” అన్నాడు. ఖర్చు చెప్పాడు. నాయన ఆ మాటతో బండి అమ్మేస్తానని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. బండి పోతే మామ పని కూడా పోతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం మామ నా దగ్గరకు వచ్చి, “అల్లుడా, రేపు పొద్దున్నే ఇంజను చల్లగా ఉండంగా ఒకసారి చూద్దాం. నువ్వు కాయితం మీద రాసుకో. మీ నాయన నేను చెప్తే వినడు, కాయితం చూపిస్తే వింటాడు” అన్నాడు. నేను చూసిన మొదటి అసలైన పరీక్ష అది. మన ప్రాక్టికల్ రికార్డుల్లాగా ముందు జవాబు వ్రాసుకొని తర్వాత రీడింగులు కల్పించేది కాదు.

మొదట నూనె పుల్ల తీశాడు. నూనె నల్లగా ఉంది, శుభ్రంగా ఉంది. “గాస్కెట్టు పోయి నీళ్ళు నూనెలో కలిస్తే పాలు పోసిన కాఫీలాగా ఉంటాది. ఈడ చూడు, లేదు. రాసుకో” అన్నాడు. తర్వాత రేడియేటరు మూత తీసి పక్కన పెట్టి ఇంజను స్టార్టు చేయించాడు. సిలిండరులోని గ్యాసు నీళ్ళలోకి దూరుతుంటే బుడగలు ఆగకుండా వస్తాయట. పది నిమిషాలు ఇద్దరం ఆ రంధ్రంలోకి బావిలోకి చూసినట్లు చూశాం. బుడగల్లేవు. పై గొట్టాన్ని పిసికి చూశాడు, రాయిలా బిగుసుకోలేదు. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, సరిగ్గా ఉంది. థర్మోస్టాటు పరీక్షించడానికి అసలు అది ఉంటే గదా! కొన్నప్పుడే లేదు. మా ఎండల్లో అది దండగని పీకి పారేయడం అప్పటి మెకానిక్కులకు అలవాటు. అది మంచి అలవాటు కాదని ఇప్పుడు నా అభిప్రాయం.

“ఇప్పుడు ఒకటి చెప్పు. బండి ఎప్పుడు కాగుతుండాది? నిలబడినప్పుడా, పరిగెత్తినప్పుడా?”

ఆలోచించాను. ఖాళీగా నెమ్మదిగా పోతే ముల్లు కదలదు. బరువుతో వేగంగా పోతే ఎక్కుతుంది. అదే చెప్పాను.

“నిలబడినప్పుడు కాగితే గాలి తక్కువ. ఫ్యాను చూడాల. పరిగెత్తితే కాగేది నీళ్ళు తిరగలేక. రేడియేటరు చూడాల.”

ఇంజను బాగా వేడెక్కాక ఆపేసి, ఫ్యాను నిలిచిందాకా ఆగి, రేడియేటరు మీద అరచెయ్యి ఒక కొస నించి ఇంకో కొసకు జరుపుతూ పోయాడు. పొయ్యి మీద పెనం సమంగా కాలిందో లేదో చూసినట్టు. “నువ్వు పెట్టు” అన్నాడు. పెట్టాను. ఎడమ పక్క కాలుతోంది. నడుమకు వచ్చేసరికి గోరువెచ్చన. కుడివైపు కింది భాగమంతా మంచినీళ్ళ కుండ తాకినట్టు చల్లగా ఉంది. వేడినీళ్ళు అక్కడికి పోవడమే లేదన్నమాట. వేలు తీయబోతే రాగి రెక్కలు నాలుగు నా గోటికి తగిలి పొడిపొడిగా రాలిపోయాయి. సముద్రపు గాలి బయటినించి తన పని తాను చేసింది. లోపలినించి ఎవరు చేశారో ఇంకా తేలాలి.

చివర మూత చూపించాడు. రబ్బరు వలయం ఎండిపోయి చెక్కలాగా ఉంది. స్ప్రింగు బొటనవేలితో నొక్కితే ఆనవాలు లేకుండా దిగిపోతోంది. “పోయినేడే చెప్పినా మీ నాయనకి, మూత మార్చాలని. మూసుకుంటుంది గదా అన్నాడు. అందుకే రోజూ లీటరు నీళ్ళు అడుగుతుండాది.”

కాగితం మీద వ్రాసుకొంటున్న నా చెయ్యి అక్కడ ఆగింది. రోజూ లీటరు. మూత లీకు గనక నీళ్ళు ఆవిరై పోతాయి. ఆవిరిలో ఉప్పు పోదు. పోయిన లీటరుకు బదులు ఇంకో లీటరు బోరు నీళ్ళు పోస్తాం. అందులో కొత్త ఉప్పు, కొత్త సున్నం. మర్నాడు ఇంకో లీటరు. మా తీరంలో ఉప్పు పండించేది సరిగ్గా ఇట్లాగే. కయ్యకు నీళ్ళు పెట్టడం, ఎండకు ఇగరనివ్వడం, మళ్ళీ పెట్టడం. పదహారు నెలలుగా మేము రేడియేటరులో ఉప్పుకయ్య సాగుచేశాం.

రేడియేటరు దించడం పెద్ద విద్యేమీ కాదు, తుప్పుతో యుద్ధం తప్ప. కింది బిరడా విప్పితే తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళలాంటివి కారాయి. గొట్టాలు గట్టిపడి పట్టుకొని ఊడలేదు, కత్తితో కోశాం. బోల్టులకు రాత్రంతా కిరసనాయిలు పట్టించాం. అయినా రెండు విరిగాయి. దాన్ని గోనెసంచిలో చుట్టుకొని బస్సు మీద నెల్లూరు తీసుకుపోయాం.

రేడియేటరు షెడ్డులో ఉన్న ముసలాయన గోనె విప్పకముందే “సముద్రం ఒడ్డుదా?” అని అడిగాడు. మంట పెట్టి మాటు కరిగించి పై ఇత్తడి తొట్టిని ఊడదీశాడు. గొట్టాల మూతులు బయటపడ్డాయి. బాగున్న రేడియేటరులో అవి చీమ దూరేటంత సన్నటి నల్లటి గాట్లుగా వరసగా కనిపించాలి. ఇక్కడ సగం పైగా తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి, సున్నం కొట్టిన గోడలాగా. ఆయన సన్నటి ఇనప బద్ద తీసుకొని ఒక గొట్టంలో దూర్చి పొడవబోయాడు. బద్ద పక్కకు దూసుకొని బయటికి వచ్చింది. గొట్టం చిరిగింది. చిరిగినచోట ఇత్తడి పసుపు లేదు, ఎర్రగా, మెత్తగా, పుచ్చుపట్టిన దంతంలాగా ఉంది.

నా చదువు అక్కడ పనికొచ్చింది, ఆలస్యంగానే అయినా. బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కార్బొనేటుగా గోడలకు పట్టుకొంటుంది. ఇంటర్మీడియట్‌లో చదివే తాత్కాలిక కఠినత్వం ఇదే. రాగి పంపించే వేడిలో ఆ పెచ్చు వందో వంతు కూడా పంపించదు. ఉప్పు సంగతి వేరు. అది పేరుకోదు, కరిగే ఉండి నీటిని మంచి విద్యుద్వాహకం చేస్తుంది. ఇంజను ఇనుము, రేడియేటరు రాగి, ఇత్తడి, మాటులోని తగరం, సీసం – ఇన్ని లోహాలను ఒకే ఉప్పునీటిలో ముంచితే అది బ్యాటరీ కాక మరేమిటి? ఇత్తడిలోని జింకును ఉప్పునీరు కరిగించి తీసుకుపోతే మిగిలేది ఆ ఎర్రటి పుచ్చు రాగి. తల నిండా ఇవన్నీ ఉన్నవాణ్ణే గదా, అరుగుమీద కూర్చొని నాలిక ప్రశ్న వేసింది!

“దీనికి మాటు పెట్టను. పెట్టినా నిలవదు. కొత్తది చూసుకోండి” అన్నాడు ముసలాయన. గాస్కెట్టు మాట అడిగితే తల అడ్డంగా ఊపాడు. కాగితం చూపించాక నాయన అమ్మే మాట మానుకొన్నాడు. డబ్బు లెక్కపెట్టి నా చేతికి ఇచ్చాడు, మామ చేతికి ఇవ్వలేదు.

ఇద్దరం బస్సులో మద్రాసుకు బయలుదేరాం. గూడూరు, నాయుడుపేట దాటాక, సూళ్ళూరుపేటలో బస్సు ఆగితే టీ తాగుతూ చెప్పాను. “మామా, బోరు నీళ్ళు పొయ్యమన్నది నేను.”

“తెలుసు గదా” అన్నాడు.

“నాయన నిన్ను తిట్టినప్పుడు నేను చెప్పి ఉండాల్సింది.”

ఆయన గ్లాసులో మిగిలిన టీ తిప్పుతూ కొంతసేపు ఊరుకొని, “పోసింది నేను గదా అల్లుడా. రోజూ నా చేత్తోనే పోసినా. దొరువు దూరం, నాకూ మోకాళ్ళు నొప్పి. నువ్వు చెప్పంగానే లోపల సంతోషపడినా” అన్నాడు. కండక్టరు విజిలు వేశాడు. ఆ విషయం మళ్ళీ మేము మాట్లాడుకోలేదు.

మద్రాసులో మొదట పుదుపేట సందుల్లో తిరిగాం. పాత బండ్లు విప్పి ముక్కలుగా అమ్మే చోటు అది. అక్కడ ఒక పాత రేడియేటరు చవకగా వచ్చేదే. మామ దాన్ని ఎత్తి బరువు చూసి దించేశాడు. శుభ్రమైన దానికంటే బరువుంటే లోపల సున్నం ఉన్నట్లేనట. మౌంటు రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్తది కొన్నాం. దాంతోపాటు రెండు గొట్టాలు, నాలుగు క్లిప్పులు, ఒక మూత. మూత కొనేటప్పుడు మామ మూడు మూతలు తీయించి బొటనవేలితో నొక్కి నొక్కి చూశాడు. కొట్టువాడు విసుక్కున్నాడు. వెనక్కు వచ్చే బస్సులో రేడియేటరును చంటిపిల్లను పెట్టుకొన్నట్టు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. రెక్కలు వంగుతాయని కింద పెట్టనివ్వలేదు.

ఇక్కడ కొంచెం ముందుకు పోయి ఒక మాట చెప్పాలి. సెలవులయ్యాక నేను రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకొని కాలేజీకి వచ్చాను. ఒకటి బోరుది, ఒకటి దొరువుది. ఇ.డి.టి.ఎ.తో కఠినత్వం కట్టే ప్రాక్టికల్ మీకందరికీ తెలిసిందే. ద్రాక్షరంగు నీలంగా మారాలి. దొరువు నీరు చటుక్కున మారింది. బోరు నీటికి యాభై మిల్లీలీటర్ల బ్యూరెట్టు మొత్తం అయిపోయినా ఎరుపు ఎరుపుగానే ఉంది. డిస్టిల్డు వాటరు కలిపి పలచన చేసి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే గతి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. వెండి నైట్రేటు రెండు చుక్కలు వేస్తే బోరు నీరు పెరుగులా విరిగింది. పక్క బల్ల దగ్గర స్నేహితుడు “సముద్రం నీళ్ళు తెచ్చావేంట్రా” అన్నాడు. రేడియేటరులో పోసిన నీళ్ళని చెబితే నమ్మలేదు.

ఇప్పటి బండ్లలో ఈ బాధ తక్కువ. కూలెంటు అని ఆకుపచ్చటి ద్రవం వస్తోంది. ఎక్కువ భాగం ఇథిలీన్ గ్లైకాల్, దాంతోపాటు తుప్పు పట్టనివ్వని రసాయనాలు. డిస్టిల్డు వాటరుతో కలిపి పోసి మూత బిగిస్తే సంవత్సరాల తరబడి చూడనక్కరలేదు. రేడియేటర్లు అల్యూమినియం, తొట్లు ప్లాస్టిక్కు. మంట పెట్టి మాటు వేసే ముసలాయనకు అక్కడ పని లేదు. పగిలితే పారేసి కొత్తది పెట్టుకోవడమే. అయినా మా తీరంలో ఇవాళ్టికీ రోడ్డు పక్క బోరింగు కొట్టి రేడియేటరులో నీళ్ళు పోసేవాళ్ళను చూస్తూనే ఉంటాను. కారు ఆపి చెబితే వింతగా చూస్తారు.

రొయ్యల సంగతి కూడా ఒక్క మాట. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి మా తీరంలో చెరువులకు చెరువులు ఖాళీ అయిపోయాయి. తీరానికి దగ్గరగా ఉన్న చెరువుల్ని, సంప్రదాయ పద్ధతిలో సాగేవి తప్ప, తీసేయాలని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచినీటి బావులు ఉప్పెక్కడం ఆ కేసులో వాదించిన విషయాల్లో ఒకటి. తీర్పు పేపర్లో చదువుతుంటే నాకు కోర్టు కంటే ముందు మా రేడియేటరు గుర్తుకు వచ్చింది.

సరే, మళ్ళీ 1993కు. కొత్త రేడియేటరు బిగించే ముందు మామ ఇంజను లోపల కూడా కడగాలన్నాడు. నీళ్ళు పోయడం, కాసేపు నడపడం, పారబోయడం. తంగేడు రంగు పలచబడి పలచబడి చివరికి తెల్లగా రావడానికి ఆరేడు సార్లు పట్టింది. ఆ కడుగుడుకంతా బోరు నీళ్ళే వాడాం. దొరువు నీళ్ళు అన్ని ఎక్కడివి? ఆఖరి కడుగుడుకూ, నింపడానికీ మాత్రం మంచినీళ్ళు కావాలి. కొత్త రబ్బరు బిళ్ళలు పెట్టి, గొట్టాలు తొడిగి, క్లిప్పులు బిగించి సిద్ధం చేసేసరికి సాయంత్రమైంది.

నాయన అప్పుడే నెల్లూరు నించి బస్సు దిగి వచ్చాడు. చేతిలో ఇరవై లీటర్ల కొత్త ప్లాస్టిక్ క్యాను ఉంది. దాన్ని తెచ్చి మామ పక్కన పెట్టాడు. ఏమీ అనలేదు. మామ కూడా ఏమీ అనలేదు. నాయన కాళ్ళు కడుక్కొని ఇంట్లోకి పోయాడు. మామ ఆ క్యానును ఒకసారి ఎత్తి చూసి, తన మోకాళ్ళ వంక చూసుకొని, నవ్వి, నా చేతికి ఇచ్చాడు.

నేను ఇసకలో కాళ్ళు దిగబడుతూ దొరువు దగ్గరకు పోయాను. పొద్దు వాలుతోంది. వరసలో ఎనిమిదో తొమ్మిదో బిందెలు ఉన్నాయి. చిప్పతో తోడుతున్న ముసలమ్మ తలెత్తి నన్నూ, నా చేతిలో క్యానునూ చూసింది.

“పెద్ద చదువులు చదివే అబ్బయ్య గదా నువ్వు? ఎవరికి నాయనా అన్ని నీళ్ళు?”

“బండికి, అవ్వా.”

ఆమె నవ్వలేదు. పక్కకు జరిగి చిప్ప నా చేతికి ఇచ్చింది.

“ముందు నా బిందె నింపు. కింద మట్టి కదిలించబాక, పైపైన తోడు.”